నీటిలో నూనె కాలుష్యం: పొలానికి, పశువుకు, మనిషికి జరిగే హాని – మూసీ పరీవాహక రైతులు తీసుకోవలసిన జాగ్రత్తలు

హైదరాబాదులోని అబిడ్స్, నాంపల్లి ప్రాంతాలకు, ఘట్‌కేసర్ దగ్గర ఆకుకూరలు పండించే రైతుకు సంబంధం ఏమిటని చాలామందికి అనిపించవచ్చు. సంబంధం నీటి దారిలో ఉంది. అబిడ్స్, నాంపల్లి, మల్లేపల్లి, జాంబాగ్ వీధుల్లో పడిన ప్రతి చుక్కా చివరికి నాలాల ద్వారానో, మురుగు పైపుల ద్వారానో మూసీ వైపే పోతుంది. ఆ నీరే పురానాపూల్, చాదర్‌ఘాట్, అంబర్‌పేట, నాగోలు, పీర్జాదిగూడ, ప్రతాపసింగారం, ఏదులాబాద్ దాటి యాదాద్రి భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల పొలాలకు చేరుతుంది. మెకానిక్ షెడ్డులో పారబోసిన ఇంజన్ ఆయిలు, హోటలు వెనుక గుమ్మరించిన మరిగిన నూనె, రోడ్డు మీద కారిన డీజిలు కూడా ఇదే దారిలో వస్తాయి.

మురుగు నీటిలోని క్రిములు, లోహాల గురించి రైతులకు కొంత తెలుసు. నూనె గురించి మాట్లాడుకునేది తక్కువ. ఈ నూనె వల్ల ఏమవుతుందో, దాన్ని ఎలా గుర్తించాలో, వేరే నీటి వసతి లేని చిన్న రైతు తన పరిధిలో ఏం చేయగలడో ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

నూనె ఎక్కడి నుంచి వస్తుంది?

అనంతగిరి కొండల్లో పుట్టే మూసీపై నగరానికి ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీపై 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1908 నాటి పెద్ద వరద తరువాత నగరాన్ని కాపాడటానికి, తాగునీటికి కట్టిన జలాశయాలివి. వీటి గేట్లు మూసి ఉన్నన్ని రోజులు నగరం దాటాక నదిలో పారేది చాలావరకు మురుగు నీరే. కలిసిన నూనెను పలచన చేయడానికి పైనుంచి మంచి నీరు రాదు. అందుకే వేసవిలో సమస్య పెరుగుతుంది.

ఈ నీటిలో కలిసే నూనెలు ముఖ్యంగా మూడు రకాలు.

1. పెట్రోలు, కిరోసిన్, డీజిలు: ఇవి తేలికైన నూనెలు. పెట్రోలు ఎండకు త్వరగా ఆవిరవుతుంది. కానీ దానిలోని బెంజీన్ వంటి పదార్థాలు కొంతవరకు నీటిలో కరిగి భూగర్భ జలంలోకి దిగుతాయి. డీజిలు అంత త్వరగా పోదు, వారాల తరబడి ఉంటుంది.

2. వాడేసిన ఇంజన్ ఆయిలు, గేరు ఆయిలు, గ్రీజు: మన దగ్గర కాలిన ఆయిలు, నల్ల ఆయిలు అంటారు. వీటిలో నూనెతోపాటు ఇంజను అరుగుదల వల్ల వచ్చిన లోహపు పొడి, జింకు కలిసిన రసాయనాలు, మసి పదార్థాలు ఉంటాయి. ఇవి ఆవిరి కావు. మట్టిలో, బురదలో నెలలు, సంవత్సరాలు నిలుస్తాయి. అన్నింటిలో రైతు ఎక్కువ జాగ్రత్త పడవలసింది దీనితోనే.

3. హోటళ్లు, బేకరీలు, మిర్చి బండ్ల నుంచి వచ్చే వంటనూనె, కొవ్వు: ఇది విషం కాకపోయినా నిరపాయకరం కాదు. మురుగు పైపుల్లో గడ్డకట్టి దారి మూసేస్తుంది. అప్పుడు మురుగు పొంగి, శుద్ధి కేంద్రానికి పోవలసిన నీరు నాలాలోకి మళ్లుతుంది. నీటిలో కుళ్లేటప్పుడు ప్రాణవాయువును లాగేసుకుంటుంది.

మురుగు శుద్ధి కేంద్రాలు లేవా అని అడగవచ్చు. అంబర్‌పేటలోనే రోజుకు 339 మిలియన్ లీటర్ల సామర్థ్యం గల కేంద్రం ఉంది. ఇలాంటి కేంద్రాల్లో సూక్ష్మజీవులే మురుగును శుభ్రం చేస్తాయి. నూనె ఎక్కువైతే ఆ సూక్ష్మజీవులకే ఊపిరి ఆడదు. పైగా నాలాల్లో నేరుగా పారే నీరు, వాన నీరు మొత్తం శుద్ధి కేంద్రం గుండా పోవు.

కొంచెం నూనెకే ఇంత భయం ఎందుకు?

నీటిపై ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే పొర సాధారణంగా మైక్రాన్ మందంలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు మందంలో ఉంటుంది. ఆ మందంలో ఒక లీటరు నూనె 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం నీటిని కప్పేస్తుంది. ఒక మోటారు సైకిలుకు ఆయిలు మార్చితే వచ్చేది సుమారు ఒక లీటరు. ఒక్క బండి ఆయిలు నాలాలో పోస్తే పావు ఎకరం కుంటపై పొర కట్టేంత అవుతుంది.

ఇంకో లెక్క చూడండి. పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం సాగు భూమికి లేదా నదికి వదిలే వ్యర్థ జలంలో నూనె, గ్రీజు కలిపి లీటరుకు 10 మిల్లీగ్రాములు మించరాదు. మురుగు పైపులోకి వదిలేదైతే 20 మిల్లీగ్రాములు మించరాదు. ఎకరానికి ఒక అంగుళం తడి అంటే సుమారు 1 లక్షా 3 వేల లీటర్ల నీరు. లీటరుకు 10 మిల్లీగ్రాముల చొప్పున ఆ ఒక్క తడిలోనే కిలోకు పైగా నూనె పొలంలోకి చేరుతుంది. వరికి పంటకాలం మొత్తానికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, యాసంగిలో దాదాపు అంతా ఈ నీరే పెడితే, ఎకరానికి 45 కిలోలు దాటుతుంది. ఇది పరిమితిలో ఉన్న నీటి లెక్క. పరిమితి దాటిన నీరైతే ఎంతో ఆలోచించండి. మట్టిలోని సూక్ష్మజీవులు దీనిలో కొంత భాగాన్ని తిని అరిగిస్తాయి కాబట్టే పొలాలు ఇంకా పండుతున్నాయి. ఆ జీవుల శక్తికీ ఒక హద్దు ఉంటుంది.

పొలానికి, పంటకు జరిగే హాని

నూనె మట్టి రేణువులకు పూతలా అంటుకుంటుంది. దాంతో నేల నీటిని పీల్చుకోదు. తడి పెట్టినా నీరు పైపైన జారిపోయి, వేరు దగ్గర పొడిగా ఉంటుంది. గాలి ఆడక వేరు కుళ్లుతుంది.

నూనెలో కర్బనం ఎక్కువ, నత్రజని దాదాపు ఉండదు. దాన్ని అరిగించే సూక్ష్మజీవులు తమకు కావలసిన నత్రజనిని మట్టి నుంచే తీసుకుంటాయి. అందుకే నూనె నీరు పారిన మడిలో యూరియా వేసినా పైరు పసుపుపచ్చగానే ఉంటుంది. కారణం తెలియని రైతు మళ్లీ మళ్లీ యూరియా చల్లి ఖర్చు పెంచుకుంటాడు. ముందు నీరు వచ్చే దారి చూడాలి.

మొలక దశలో, నారుమడిలో నష్టం ఎక్కువ. లేత మొక్క కాండానికి నీటి మట్టం దగ్గర నూనె పట్టీలా అంటుకుని ఆ భాగం నల్లబడుతుంది. పెద్ద పైరు తట్టుకున్నా పిలకలు తగ్గుతాయి. ఆకుకూరల్లో తోటకూర, పాలకూర, కొత్తిమీర, పుదీన ఆకులు నేలకు దగ్గరగా ఉంటాయి కనుక నూనె నేరుగా ఆకుకే అంటుతుంది. ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, వాసన పడుతుంది, మార్కెట్లో ధర పడిపోతుంది. నూనె అంటిన ఆకుకు లోహాలు, మసి కూడా అంటి ఉంటాయి. మామూలు నీటితో కడిగితే అవి పూర్తిగా పోవు.

భూసార పరీక్ష చేయించేవారు ఒక విషయం గమనించాలి. సాధారణ పరీక్షలో నూనెను విడిగా చూపరు. పైగా నూనెలోని కర్బనం వల్ల సేంద్రియ కర్బనం ఎక్కువగా కనిపించవచ్చు. ఆ అంకె చూసి నేల సారవంతంగా ఉందని ఎరువు తగ్గిస్తే దిగుబడి దెబ్బతింటుంది. మట్టి నమూనా ఇచ్చేటప్పుడే నూనె నీరు పారిన పొలమని చెప్పండి.

చేపలకు, పశువులకు జరిగే హాని

నీటిపై నూనె పొర పరుచుకుంటే గాలిలోని ప్రాణవాయువు నీటిలోకి దిగడం తగ్గుతుంది. చేపల మొప్పలకు నూనె అంటితే శ్వాస ఆడదు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ప్రాణవాయువు తక్కువైందని అర్థం. చావకుండా మిగిలిన చేపలకు కూడా కిరోసిన్ వాసన పట్టి అమ్ముడుపోవు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానలకు చెన్నై దగ్గర ఎన్నూరు వాగులోకి నూనె చేరినప్పుడు అక్కడి మత్స్యకారుల పడవలు, వలలు నల్లబడి, వేట ఆగిపోయింది. వరద వచ్చినప్పుడు నూనె ఎంత దూరం పాకుతుందో దీన్నిబట్టి తెలుసుకోవచ్చు.

పశువులు దాహంతో ఉన్నప్పుడు నూనె వాసన ఉన్నా తాగేస్తాయి. డీజిలు, కిరోసిన్ వంటివి కడుపులోకి పోయినప్పుడు కడుపుబ్బరం, మేత మానడం, నెమరు ఆగడం కనిపిస్తాయి. వాంతి లేదా త్రేన్పుతో నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వచ్చి ప్రాణం మీదకు వస్తుంది. శ్వాసలో నూనె వాసన, దగ్గు, ముక్కు కారడం ఉంటే ఆలస్యం చేయరాదు. ఇటువంటి పశువుకు గొట్టంతో గానీ సీసాతో గానీ నూనె, మజ్జిగ, బెల్లం నీళ్లు పోయకండి. పోసినది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్యశాలను పిలవండి.

మూసీ ఒడ్డున పారా గడ్డి పెంచి పాడి పశువులకు మేపడం ఏళ్లుగా ఉన్నదే. చిన్న రైతులకు రోజువారీ డబ్బు తెచ్చే పంట ఇది. దీన్ని మానమని చెప్పడం లేదు. అయితే నూనె తెట్టు కట్టిన మడిలోని గడ్డిని పాడి పశువుకు వేయకండి. నీటికి తగిలిన కింది భాగం వదిలి, జానెడు ఎత్తున కోయండి. ఒకే పశువుకు రోజూ ఈ గడ్డే కాకుండా వరిగడ్డి, జొన్న చొప్ప కలిపి వేయండి.

గజ్జి, పిడుదులకు పశువు ఒంటికి కాలిన ఆయిలు పూసే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. పశువు దాన్ని నాకుతుంది, చర్మం ద్వారానూ లోపలికి పోతుంది. ఈ అలవాటు మానాలి. పశువైద్యుడు ఇచ్చే మందు వాడండి.

మనిషి ఆరోగ్యానికి జరిగే హాని

చర్మం: నూనె నీటిలో గంటల తరబడి నిలబడి నాటు వేసేవారికి, గడ్డి కోసేవారికి కాళ్లపై దురద, ఎర్రటి పొక్కులు, వెంట్రుకల మొదట్లో నల్లని గుల్లలు, పగుళ్లు వస్తాయి. గోకడం వల్ల పుండ్లు పడి మురుగు నీటిలోని క్రిములు చేరతాయి.

శ్వాస: పెట్రోలు, డీజిలు ఆవిరి పీలిస్తే తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం కలుగుతాయి. బావిలోకి పెట్రోలు ఊరిందన్న అనుమానం ఉంటే ఎవరూ బావిలోకి దిగరాదు. ఆవిరి బావి అడుగున నిలిచి ఊపిరాడకుండా చేస్తుంది. అగ్గిపుల్ల గీసినా, లోపల మోటారు ఆన్ చేసినా అంటుకోవచ్చు.

తాగునీరు: బెంజీన్ దీర్ఘకాలం శరీరంలోకి పోతే రక్తాన్ని తయారు చేసే మూలుగ దెబ్బతింటుంది, రక్త క్యాన్సరుకు దారితీస్తుంది. కాలిన ఆయిలు మసిలో ఉండే బెంజోపైరీన్ వంటి పదార్థాలు కూడా క్యాన్సరు కారకాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ రెండింటినీ మనిషికి క్యాన్సరు కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. భారత తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో ఖనిజ నూనె 0.5 మిల్లీగ్రాము మించరాదు. వేరే నీరు లేదన్న కారణంతో కూడా ఈ హద్దుకు సడలింపు లేదు.

చాలామంది నీరు కాచితే దోషం పోతుందనుకుంటారు. కాచితే క్రిములు చస్తాయి గానీ నూనె పోదు. పైగా పెట్రోలు కలిసిన నీరు పొయ్యి మీద పెడితే మంట అంటుకోవచ్చు. బ్లీచింగ్ పౌడరు కూడా నూనెను తీయదు. నూనె వాసన వచ్చే బోరు నీటిని తాగడానికి, వంటకు, పాలగిన్నెలు కడగడానికి వాడటం వెంటనే ఆపాలి.

నూనె తెట్టా, తుప్పు తెట్టా? గుర్తించే విధానం

మడిలో మెరిసే పొర కనిపించగానే నూనె అని నిర్ణయించకండి. ఇనుము ఎక్కువ ఉన్న నేలల్లో, నీరు నిలిచిన మడుల్లో ఇనుప సూక్ష్మజీవుల వల్ల అచ్చం నూనెలా మెరిసే పొర వస్తుంది. అది సహజం. తేడా తెలుసుకోవడానికి ఇలా చేయండి.

కర్ర పరీక్ష: పొరను పుల్లతో కదపండి. ఇనుప పొర అద్దం పెంకుల్లా ముక్కలై విడిపోయి అలాగే ఉంటుంది. నూనె పొర పుల్ల చుట్టూ తిరిగి వెంటనే మళ్లీ కలుసుకుంటుంది.

కాగితం పరీక్ష: పాత న్యూస్ పేపరు ముక్కను పొరపై పరిచి తీసి ఎండలో ఆరబెట్టండి. నీటి తడి ఆరిపోతుంది. నూనె ఉంటే కాగితంపై వెలుతురు కనిపించే మరక మిగులుతుంది.

వాసన: డీజిలు, పెట్రోలు వాసన ముక్కుకు తెలుస్తుంది. కాలిన ఆయిలు వాసన తక్కువ, కానీ వేలికి నల్లగా జిగురుగా అంటి సబ్బు లేకుండా పోదు.

వేరే నీరు లేనప్పుడు ఏం చేయాలి?

ఈ నీటితో సాగు చేయవద్దని చెప్పడం తేలిక. బోరు వేసుకునే స్తోమత లేని ఎకరం, రెండెకరాల రైతుకు అది సలహా కాదు. కాబట్టి నష్టం తగ్గించుకునే పద్ధతులు పాటించాలి.

1. మొదటి వాన నీటిని వదిలేయండి: వేసవి అంతా రోడ్లపై, షెడ్ల ముందు పేరుకున్న నూనె జూన్‌లో తొలి వానలకు ఒక్కసారిగా కొట్టుకువస్తుంది. ఆ నీటిలోనే నూనె, మసి ఎక్కువ. నగరంలో తొలి పెద్ద వాన పడ్డాక ఒకటి రెండు రోజులు కాలువ తూము మూసి, మోటారు ఆపండి. నారుమడికి ఈ నీరు అసలు పెట్టకండి.

2. పైనీరు తోడకండి: నూనె తేలుతుంది, కనుక నీరు లోపలి నుంచి తీసుకోవాలి. మోటారు ఫుట్‌వాల్వు నీటిమట్టానికి కనీసం రెండడుగుల కింద, అడుగు బురదకు అడుగు పైన ఉండేలా కట్టండి. బురదలోనూ పాత నూనె దిగి ఉంటుంది.

3. నూనె గుంట తవ్వుకోండి: కాలువ నీరు పొలంలోకి వచ్చే చోట 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు గుంట తీయండి. దీనిలో సుమారు 4,500 లీటర్లు పడతాయి. సెకనుకు 6 లీటర్లు పోసే మోటారు నీరు దీనిలో 12 నిమిషాలు ఆగుతుంది. ఆ సమయంలో నూనె పైకి తేలుతుంది, ఇసుక కిందికి దిగుతుంది. గుంట నుంచి మడికి వెళ్లే పైపుకు లోపలివైపు ఎల్బో బిగించి, దాని మూతి నీటిలో అడుగున్నర కిందికి ఉండేలా పెట్టండి. అప్పుడు కింది నీరే పొలానికి పోతుంది. పైన చేరిన నూనెను గడ్డితో అద్ది తీయాలి. గుంట చుట్టూ కంచె వేయండి, చిన్న పిల్లలు పడకుండా చూడండి. నీటిలో పూర్తిగా కలిసిపోయిన నూనెను, కరిగిన లోహాలను ఈ గుంట ఆపలేదు.

4. గడ్డి కట్ట అడ్డం వేయండి: గోనె సంచుల్లో ఎండు వరిగడ్డి వదులుగా కుక్కి తాడుతో కట్టి కాలువకు అడ్డంగా తేలేలా వేయండి. నూనెను పీలుస్తుంది. నల్లబడగానే మార్చండి. వాడిన గడ్డిని పశువులకు వేయకండి, మడిలో తొక్కకండి, కాల్చకండి.

5. పంట ఎంపిక: పచ్చిగా తినే కొత్తిమీర, పుదీన, ముల్లంగి, క్యారెట్ వంటివి నూనె నీటిలో వద్దు. పందిరిపై కాసే బీర, సొర, కాకర, దొండలో కాయ నీటికి తగలదు. పూల తోటలు కూడా అనుకూలమే. బోదెల పద్ధతిలో నాటి, నీరు కాలువలోనే పారేలా చూడండి. స్ప్రింక్లరుతో ఈ నీరు చల్లకండి. డ్రిప్పు రంధ్రాలు నూనెకు మూసుకుపోతాయి.

6. కోతకు ముందు: బోరు నీరు కొద్దిగా ఉన్నా దాన్ని చివరి తడులకు దాచుకోండి. నూనె అంటిన ఆకులు తీసేసి, కొత్త ఆకు వచ్చాకే కోయండి. కోసిన కూరలను నాలా నీటిలో కడగకండి.

7. ఒంటికి రక్షణ: మోకాలి వరకు గమ్ బూట్లు, చేతికి రబ్బరు తొడుగులు వాడండి. పొలం నుంచి రాగానే సబ్బుతో కడగండి. అంటిన జిడ్డును పెట్రోలు, కిరోసిన్‌తో తుడవకండి. చర్మం పగిలి విషం ఇంకా లోపలికి పోతుంది.

మడిలో నూనె పడితే నేలను బాగు చేయడం

ట్రాక్టరు ఆయిలు కారినా, ఇంజను దగ్గర డీజిలు ఒలికినా ముందు పారకుండా మట్టి కట్ట వేయండి. రంపపు పొట్టు, ఊక, ఎండు మట్టి చల్లి పీల్చనివ్వండి. బాగా నానిన మట్టిని పారతో ఎత్తి, బావికి, కాలువకు దూరంగా టార్పాలిన్‌పై పోయండి.

మిగిలిన నేలను పలుచగా తిరగేసి గాలి ఆడనివ్వాలి. మాగిన పశువుల ఎరువు బాగా కలపాలి. సూక్ష్మజీవులకు నత్రజని, భాస్వరం అందాలి. 10 లీటర్ల నూనె ఇంకిన చోటుకు మొత్తం సుమారు ఒకటిన్నర కిలోల యూరియా, ఒక కిలో సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ చాలు. దీన్ని రెండు మూడు దఫాలుగా వేయండి. తేమ ఆరకుండా చూస్తూ రెండు వారాలకొకసారి తిరగేయాలి. నీరు నిల్వ పెట్టకండి, గాలి లేకపోతే నూనె అరగదు. పంటకు ముందు కొద్దిగా మొక్కజొన్న లేదా పెసర గింజలు చల్లి మొలక చూసుకోండి. మొలక సమంగా వస్తే నేల కోలుకుంటోందని అర్థం. పెద్ద ఎత్తున నూనె పడిన చోట వాడేందుకు టెరి సంస్థ నూనెను తినే సూక్ష్మజీవుల మిశ్రమాన్ని ఆయిల్‌జాపర్ పేరుతో తయారు చేసింది. దేశంలోని చమురు క్షేత్రాల్లో దాన్ని వాడుతున్నారు.

సబ్బు పొడి, షాంపూ పోసి నూనెను కడిగేయాలని చూడకండి. నూనె కనబడకుండా చిన్న బిందువులై నీటిలో కలిసిపోతుంది, చేపలకు ఇంకా ఎక్కువ హాని చేస్తుంది.

ట్యాంకరు బోల్తా పడినప్పుడు

రహదారి పక్క పొలాల్లో ట్యాంకరు బోల్తా పడితే జనం బిందెలతో పరుగెత్తడం మామూలు. 2017 జూన్‌లో పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర ఇలాగే పెట్రోలు పట్టుకోవడానికి వెళ్లినవారిలో 200 మందికి పైగా కాలిపోయి చనిపోయారు. దగ్గరికి వెళ్లకండి, పొగ తాగకండి, దగ్గరలో మోటారు, బండి స్టార్టు చేయకండి. గాలికి ఎదురు దిశలో దూరంగా జరిగి 112కు ఫోన్ చేయండి. ట్యాంకరు వెనుక పలకపై నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1203 పెట్రోలు, 1202 డీజిలు, 1223 కిరోసిన్, 1075 వంటగ్యాసు. దూరం నుంచి కనిపిస్తే ఆ సంఖ్య చెప్పండి. కాలువ తూములు మూయించి, పశువులను తోలేయండి.

ఎవరైనా కిరోసిన్, డీజిలు తాగితే వాంతి చేయించకండి, పాలు, నూనె పట్టకండి. 108లో ఆసుపత్రికి తీసుకుపోండి. కిరోసిన్, డీజిలు నీళ్ల సీసాల్లో పోసి ఉంచకపోవడమే పిల్లలకు అసలైన రక్షణ.

మన చేతిలో ఉన్నవి

నూనె అంతా నగరం నుంచే రాదు. చెరువులో ట్రాక్టరు కడగడం, కాలువ గట్టున ఆయిలు మార్చడం, బావి ఒడ్డున డీజిలు ఇంజను కింద తొట్టి పెట్టకపోవడం, దోమలకని కుంటలో కాలిన ఆయిలు పోయడం, వరిలో పురుగుకని మడిలో కిరోసిన్ పోయడం, ఇవన్నీ మనం చేసేవే. ఇంజను కింద ఇసుక పోసిన రేకు తొట్టి పెడితే కారిన చుక్క భూమిలోకి పోదు. పురుగు మందుల కోసం వ్యవసాయ విస్తరణ అధికారిని అడగండి. సిఫారసు మోతాదులో పైరుపై పిచికారి చేసే వేపనూనె వేరు, మడి నీటిలో పోసే కిరోసిన్ వేరు.

వాడిన ఆయిలును మూత ఉన్న డబ్బాలో పోగుచేసి, నీళ్లు కలపకుండా, అనుమతి ఉన్న సేకరణదారుకు ఇవ్వండి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థం. దాన్ని అనుమతి పొందిన శుద్ధి కర్మాగారానికే చేర్చాలి. విడిభాగాలకో, బండి రిపేరుకో నగరానికి పోయినప్పుడు ఆయిలు ఎక్కడ పోస్తున్నారని మెకానిక్‌ను ఒక మాట అడగండి. అడిగే గిరాకీ ఉంటే డబ్బా పెట్టే షెడ్డు ఉంటుంది. హోటళ్ల వాడిన వంటనూనెను సేకరించి బయోడీజిలుకు మళ్లించడానికి ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2018లో రూకో పేరిట కార్యక్రమం మొదలుపెట్టింది.

ఫిర్యాదు ఎలా చేయాలి?

1974 నాటి నీటి కాలుష్య చట్టం ప్రకారం నదిలో, వాగులో, కాలువలో విష పదార్థాలు వదలడం నిషిద్ధం. కాలువలో నూనె కనబడగానే తేదీ, సమయం, చోటు రాసిపెట్టి ఫోటో తీయండి. ఒక్కరే కాక నలుగురు రైతులు సంతకం చేసి కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో దరఖాస్తు ఇచ్చి, నకలుపై ముద్ర వేయించుకోండి. మండల వ్యవసాయ అధికారికి ఒక నకలు ఇస్తే పంట నష్టం నమోదుకు ఆధారం అవుతుంది.

నూనె పరీక్షకు నీరు వెడల్పు మూతి గాజు సీసాలోనే పట్టాలి. ప్లాస్టిక్ సీసా గోడలకు నూనె అంటుకుని ఫలితం తక్కువ చూపుతుంది. సీసాను ఆ నీటితో తొలచకండి, అంచు వరకు నింపకండి, చల్లగా ఉంచి అదే రోజు ప్రయోగశాలకు చేర్చండి. వీలైతే సీసా ప్రయోగశాల నుంచే తెచ్చుకోండి.

నగరంలో మురుగు పొంగి నాలాలోకి పోతుంటే జలమండలి 155313 నంబరుకు చెప్పవచ్చు. పంట సలహాలకు కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ముఖ్యంగా గుర్తుంచుకోవలసినవి

- మెరిసే ప్రతి పొర నూనె కాదు, కర్రతో కదిపి చూడండి.
- తొలి వాన నీటిని పొలానికి పెట్టకండి.
- పైనీరు వదిలి, లోపలి నీరు తోడండి. ఎల్బో పైపుతో గుంట కట్టుకోండి.
- యూరియా వేసినా పసుపు పోకపోతే నీటిని అనుమానించండి.
- నూనె నీరు కాచినా శుద్ధి కాదు.
- నూనె తాగిన మనిషికి వాంతి చేయించకండి, పశువుకు గొట్టంతో ఏమీ పోయకండి.
- వాడిన ఆయిలు డబ్బాలోకే పోవాలి, కాలువలోకి కాదు.